అడ్డపొగ గుట్టు విప్పినవాళ్లు

విశాఖ ఫిషింగ్ హార్బరులో, భీమిలి ఒడ్డున, పెదజాలరిపేట సందుల్లో చేపల గంప దించుకుని కూర్చున్న ముసలమ్మల్ని కాస్త నిదానంగా చూస్తే ఇప్పటికీ ఒక్కోసారి ఒక వింత కంటపడుతుంది. పెదవుల మధ్య చుట్ట ఉంటుంది, పొగా వస్తుంటుంది. బయటికి కనిపించే కొసకు మాత్రం నిప్పుండదు. నిప్పు నోట్లో ఉంటుంది.

ముందు అందరిలాగే అగ్గిపుల్ల గీసి వెలిగిస్తారు. రెండు మూడు దమ్ములు లాగి కొస బాగా రాజుకున్నాక చుట్టను తిరగేసి, మండేవైపు నోట్లో పెట్టుకుంటారు. నిప్పులేని కొసను తడి పెదవులతో బిగించి పట్టుకుంటారు. గాలి ఆ కొస గుండానే లోపలికి పోయి నిప్పును బతికిస్తుంది. పొగ అంగిలికి కొట్టుకుని పెదవుల సందులోంచి బయటపడుతుంది. బూడిద పేరుకుంటే ఉమ్మేస్తారు, కొంచెమైతే మింగేస్తారు. చుట్ట తడితడిగా, మెల్లగా కాలుతుంది కాబట్టి ఒక్కటే చాలాసేపు వస్తుంది. ఈలోపు రెండు చేతులూ ఖాళీయే. చేపలు కోసుకోవచ్చు, వల బాగుచేసుకోవచ్చు, చంటిపిల్లను చంకనేసుకోవచ్చు.

ఉత్తరాంధ్ర తీరంలో దీన్ని అడ్డపొగ అంటారు. ఎందుకిలా తాగుతారంటే తలా ఒక మాట చెబుతారు. నడిసముద్రంలో గాలికీ తుంపరకీ చుట్ట ఆరిపోకుండా జాలర్లు కనిపెట్టిన ఉపాయమని కొందరు. పెద్దల ఎదుట నిప్పు కనబడకుండా ఆడవాళ్లు దాచుకున్నారని కొందరు. ఎత్తుకున్న బిడ్డకు నిప్పు తగలకూడదని ఇంకొందరు. పంటిపోటుకు మందని, ఆకలి చంపుతుందని, పొద్దున్నే కడుపు సాఫీ చేస్తుందని కూడా అంటారు. మగవాళ్లకన్నా ఆడవాళ్లలో ఈ అలవాటు ఎక్కువ. తల్లి దగ్గర కూతురు, అత్త దగ్గర కోడలు నేర్చుకుంటారు. ‘కన్యాశుల్కం’లో గిరీశం పీల్చిన చుట్టకు తెలుగు సాహిత్యంలో ఎక్కడలేని పేరొచ్చింది. ఆ పక్క ఊళ్లలోనే నిప్పు మింగినట్టు చుట్ట తాగిన ఆడవాళ్లను మాత్రం మన కథకులు పెద్దగా పట్టించుకోలేదు. పట్టించుకున్నది డాక్టర్లు. అదీ ఒక రోగం వెంట పడి.

1923లో విశాఖపట్నంలో వైద్య కళాశాల మొదలైంది. ఇప్పుడు ఆంధ్ర వైద్య కళాశాల అంటున్నది అదే. దానికి అనుబంధంగా కింగ్ జార్జి ఆసుపత్రి. ఇచ్ఛాపురం నుంచి గోదావరి దాకా ఎవరికి ఏ మొండిజబ్బు వచ్చినా చివరికి చేరేది ఆ కేజీహెచ్‌కే. శ్రీకాకుళం అప్పటికి వేరే జిల్లా కూడా కాదు, 1950లో గాని విడిపోలేదు. అంత పెద్ద ప్రాంతపు రోగులంతా ఒకే ఆసుపత్రి మెట్లెక్కడం తర్వాతి కథకు ఎంతో కలిసొచ్చింది. ఊరికొకరు చొప్పున చెదిరిపోయి ఉంటే ఎవరి కంటికీ ఆనని సంగతి, ఒకే వార్డులో పోగుపడేసరికి దాచినా దాగలేదు.

ఆ సంగతి ఏమిటంటే, నోటి పైకప్పుకు వచ్చే పుండు. గట్టి అంగిలికి క్యాన్సర్ రావడం ప్రపంచంలో చాలాచోట్ల అరుదు. నోటి క్యాన్సర్ అనగానే నాలుక, బుగ్గ, పెదవి గుర్తుకొస్తాయి. అంగిలికి చిల్లు పడితే ఆ రోజుల్లో డాక్టరు ముందుగా అనుమానించేది సిఫిలిస్‌ను. అది ముదిరితే అంగిలిని తినేస్తుందని వైద్య గ్రంథాలు చెప్పేవి. విశాఖ రోగుల లెక్క ఆ పుస్తకాలతో కుదరలేదు. కోసి చూస్తే క్యాన్సరే. అదీ వయసు మళ్లిన పల్లెటూరి ఆడవాళ్లలో. కడుపులోకి, ఊపిరితిత్తుల్లోకి పోయేదంతా దాటి వెళ్లే ఆ చోటే ఎందుకు?

విదేశాల్లో చదువుకుని వచ్చిన డాక్టరు అంగిలిని చూస్తాడు కాని ఆ రోగి ఇంటి దగ్గర చుట్ట ఎలా తాగుతుందో చూడడు. అడిగితే ‘‘చుట్ట తాగుతాను బాబూ’’ అంటుంది. ‘‘చుట్ట అలవాటు ఉంది’’ అని కేసు కాగితం మీద పడుతుంది. నిప్పు ఎటువైపు పెట్టుకుంటావమ్మా అని అడగాలని ఎవరికి తడుతుంది? ఆ ప్రశ్న తట్టినవాళ్లే ఈ కథలో మొదటి నాయకులు. విశాఖ హార్బరులోకి ఓడలు రావడం మొదలైన నాలుగేళ్లకు, 1937లో, ఎం.జి. కిణి, కె.వి. సుబ్బారావు అనే ఇద్దరు విశాఖ డాక్టర్లు ‘ఇండియన్ మెడికల్ గెజిట్’లో క్యాన్సర్ సమస్య మీద ఒక వ్యాసం రాశారు. మండే కొసను నోట్లో పెట్టుకునేవారికీ అంగిలి క్యాన్సర్‌కీ ముడి ఉందన్న మాట వైద్యలోకానికి చేరింది ఆ వ్యాసం ద్వారానే.

ఆ సంవత్సరం ఒకసారి గుర్తుపెట్టుకోవాలి. సిగరెట్టుకూ ఊపిరితిత్తుల క్యాన్సర్‌కూ సంబంధం ఉందని ఇంగ్లండులో డాల్, హిల్ లెక్కలతో చూపించింది 1950లో. అమెరికా ప్రభుత్వం ఆ మాటను తన సర్జన్ జనరల్ నివేదికలో ఒప్పుకున్నది 1964లో. విశాఖ డాక్టర్లు వాళ్లకన్నా గొప్ప గణితం చేశారని కాదు. వాళ్లకు ప్రకృతి ఒక సదుపాయం కల్పించింది. సిగరెట్టు పొగ ఊపిరితిత్తుల లోతుల్లో చేసే పాడు దశాబ్దాలపాటు కంటికి కనబడదు. అడ్డపొగలో నిప్పూ పొగా తగిలేది ఎక్కడో పుండు లేచేదీ అక్కడే. నోరు తెరిపించి దీపం పట్టుకుంటే చాలు.

అలా దీపం పట్టి చూస్తే కనిపించేది ఇది: గులాబీ రంగులో నున్నగా ఉండాల్సిన అంగిలి తెల్లబారి, దళసరెక్కి, ఎండిన చెరువు అడుగులా పగుళ్లు తీసి ఉంటుంది. దాని మీద అక్కడక్కడ చిన్న చిన్న బొడిపెలు, వాటి నడుమ ఎర్రని చుక్కలు. ఆ చుక్కలు అంగిలిలోని బుల్లి లాలాజల గ్రంథుల నోళ్లు. కొన్నిచోట్ల రంగు పూర్తిగా పోయిన మచ్చలు, కొన్నిచోట్ల నల్లబడిన మచ్చలు.

కిణి, సుబ్బారావుల మాటను ముందుకు తీసుకెళ్లింది బొంబాయి టాటా మెమోరియల్ ఆసుపత్రిలోని వి.ఆర్. ఖానోల్కర్. భారతదేశపు అలవాట్లనుబట్టి వచ్చే మూడు కొత్తరకం క్యాన్సర్ల గురించి ఆయన, సూర్యాబాయి కలిసి 1945లో రాశారు. పెదవి కింద ఖైనీ నొక్కుకునేవారికి పెదవిలో, ధోవతి బిగించి కట్టుకునేవారికి నడుము దగ్గర, మండే కొస నోట్లో పెట్టుకునే ఆంధ్ర తీరంవారికి అంగిలిలో. ఒక దేశంలో క్యాన్సర్ ఎక్కడ పుడుతుందో ఆ దేశం ఎలా బతుకుతుందో చెబుతుందన్న ఆలోచన అప్పటికి కొత్త.

అంతా తేలిపోయినట్టే అనిపిస్తుంది కదా. అసలు చిక్కు అప్పుడే మొదలైంది. నోట్లో నిప్పు పెట్టుకుంటే నోటి పొర కాలదా? రోజూ కాలే చోట క్యాన్సర్ రావడంలో పొగాకు పాత్ర ఏముంది? కాశ్మీరులో చలికి పొట్ట దగ్గర నిప్పుకుంపటి పెట్టుకునేవారికి ఆ చోటే క్యాన్సర్ వస్తుందని అప్పటికే తెలుసు. అక్కడ పొగాకు లేదు, వేడి ఒక్కటే. అలాంటప్పుడు విశాఖలో నేరం పొగాకుదా, వేడిదా? వేడిదే అయితే చుట్టను తిన్నగా తిప్పి తాగమంటే సరిపోతుంది. ఈ తేడా తేలకపోతే జనానికి ఏం చెప్పాలో కూడా తేలదు.

ఆంధ్ర వైద్య కళాశాల పాథాలజీ విభాగం ఈ ముడిని పట్టుకుంది. డి. గోవింద రెడ్డి, వి.కె. రావు 1957లో తీరాంధ్ర అంగిలి క్యాన్సర్ల మీద వివరమైన వ్యాసం రాశారు. తర్వాత గోవింద రెడ్డి, డి. భాస్కర రెడ్డి, పి.ఆర్. రావు ప్రయోగశాలకు మళ్లారు. పొగాకు తారునూ వేడినీ కలిపి జంతువుల్లో క్యాన్సర్ పుట్టించిన ఆ ప్రయోగం 1960లో ‘క్యాన్సర్’ అనే అంతర్జాతీయ పత్రికలో వచ్చింది. వేడి పొగాకును నిర్దోషిగా వదిలేయలేదు, తోడుదొంగగా నిలిచింది. అడ్డపొగ తాగేటప్పుడు నోటిలోపలి గాలి 120 డిగ్రీల సెల్సియస్ దాకా, అంగిలి పొర 58 డిగ్రీల దాకా వేడెక్కగలదని కొలతలు చెబుతున్నాయి. ఆ వేడికి తారు తోడైతే ఇక చెప్పాలా?

ఇంకో తిరకాసు పుస్తకాలది. పాశ్చాత్య దేశాల్లో పైపు తాగే పెద్దమనుషులకు కూడా అంగిలి ఇలాగే తెల్లబడి ఎర్రచుక్కలు పడుతుంది. దాన్ని వాళ్లు ‘స్టొమటైటిస్ నికోటినా’ అన్నారు. పైపు మానేస్తే పోతుంది, క్యాన్సర్‌గా మారదు, భయం లేదు అని రాసుకున్నారు. విశాఖ విద్యార్థి కూడా అదే పుస్తకం చదివాడు. ఆంధ్ర వైద్య కళాశాలకే చెందిన సి.ఆర్.ఆర్.ఎం. రెడ్డి, ఆయన సహచరులు 1970ల మొదట్లో అడ్డపొగ తాగేవాళ్ల అంగిలి ముక్కల్ని మైక్రోస్కోపు కింద వరసపెట్టి పరిశీలించారు. పైకి ఒకేలా ఉన్నా ఇక్కడి మార్పు పైపువాళ్ల మార్పంత అమాయకమైనది కాదని, కొన్నిట్లో కణాలు దారితప్పే గుర్తులున్నాయని చూపించారు. ఇప్పుడు ప్రపంచంలో ఎక్కడి దంతవైద్య పుస్తకం తెరిచినా పైపు తాగేవాడి అంగిలి వేరు, నిప్పు లోపల పెట్టుకునేవాళ్ల అంగిలి వేరు అనే రాస్తారు.

ఇన్ని చేసినా ఒక లోటు ఉండిపోయింది. ఆసుపత్రికి వచ్చేది జబ్బుపడ్డవాళ్లే. ఊళ్లో ఎంతమంది అడ్డపొగ తాగుతున్నారు, వాళ్లలో ఎందరికి ఏమీ కావడం లేదు అన్నది వార్డులో కూర్చుంటే ఎలా తెలుస్తుంది? ఆసుపత్రి లెక్కతో ‘ఈ అలవాటు ప్రమాదకరం’ అనొచ్చు గాని, ‘ఎంత’ అంటే నోరు మెదపలేం. తెలుసుకోవాలంటే ఊరికి వెళ్లాలి. ఒక్క ఊరు చాలదు.

ఆ పనికి పూనుకున్న సంస్థ పేరు వింటే ఆశ్చర్యం వేస్తుంది. బొంబాయిలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్. హోమీ భాభా పెట్టిన సంస్థ, అణుభౌతికానికీ గణితానికీ పెట్టింది పేరు. ఆ ప్రాంగణంలోనే దంతపరిశోధన విభాగం ఒకటి ఉండేది. దాన్ని నడిపినవాడు ఫలీ మెహతా. కోపెన్‌హేగన్ నుంచి నోటివ్యాధుల నిపుణుడు జెన్స్ పిండ్‌బోర్గ్ ఆయనకు తోడయ్యాడు. లెక్కలకు ప్రకాశ్ గుప్తా అనే గణాంక శాస్త్రజ్ఞుడు, నోళ్లు పరీక్షించడానికి డి.కె. దఫ్తరీ తదితరులు. ఖర్చుకు అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల సాయం దొరికింది. దేశంలో 5 జిల్లాలు ఎంచుకున్నారు: గుజరాత్‌లో భావనగర్, కేరళలో ఎర్నాకుళం, అప్పటి బీహారులో సింగ్‌భూమ్, దర్భంగా, మన దగ్గర శ్రీకాకుళం. ఒక్కో జిల్లాలో పొగాకు వాడకం ఒక్కో తీరు. అడ్డపొగ కోసమే శ్రీకాకుళం.

1966లో పని మొదలైంది. ఆ రోజుల శ్రీకాకుళం అనగానే మనకు గుర్తొచ్చేది కొండల్లో రగిలిన గిరిజన రైతాంగ పోరాటం. చరిత్ర పుస్తకాలన్నీ కొండవైపే చూస్తున్న ఆ ఏళ్లలోనే, సముద్రం వైపు ఊళ్లలో దంతవైద్యులు ఇంటింటికీ తిరుగుతూ నోళ్లు చూశారు. రోగులని ఏరుకోలేదు. ఎంపికచేసిన ఊళ్లో 15 ఏళ్లు దాటినవాళ్లు ఎవరున్నా సరే, జబ్బున్నా లేకున్నా, తాగినా తాగకున్నా. తాగేవాళ్లయితే ఏది తాగుతారు, ఎంత, నిప్పు ఏవైపు అని రాసుకోవాలి. తర్వాత నోరు తెరిపించి అంగిలి, నాలుక, బుగ్గలు పరీక్షించాలి. ఏ జబ్బూ లేని మనిషిని బతిమాలి నోరు తెరిపించడం ఎంత కష్టమో ఊళ్లలో ఆరోగ్య శిబిరాలు పెట్టినవాళ్లకు తెలుసు. నాకైతే ఈ కథలో ప్రయోగశాల ఘట్టాల కన్నా ఈ గడపగడపా తిరుగుడే పెద్ద సాహసంగా తోస్తుంది.

5 జిల్లాల్లో మొత్తం 50,915 మందిని చూశారు. శ్రీకాకుళంలో 10,169 మంది. 1971లో ‘బ్రిటిష్ జర్నల్ ఆఫ్ క్యాన్సర్’లో శ్రీకాకుళం వివరాలు వెలువడ్డాయి. వందలో దాదాపు 44 మంది అడ్డపొగ తాగుతున్నారు. ఏదో మూలన ఉన్న వింత అలవాటు అనుకున్నది అక్కడ దాదాపు సగం జనం అలవాటని తేలింది. సర్వేలో బయటపడ్డ అంగిలి క్యాన్సర్లు అడ్డపొగ తాగేవాళ్లలోనే కనిపించాయి. కిణి, సుబ్బారావులు వార్డులో చూసి అన్నమాటకు మూడు దశాబ్దాల తర్వాత ఊరు సాక్ష్యం పలికింది.

అక్కడితో ఆగలేదు, అదే వాళ్ల గొప్ప. శ్రీకాకుళం, ఎర్నాకుళం, భావనగర్ జిల్లాల్లో అదే మనుషుల్ని ఏటేటా వెతుక్కుంటూ పదేళ్లు వెళ్లారు. ఎవరి తెల్లమచ్చ అలాగే ఉంది, ఎవరిది పోయింది, ఎవరిది పుండైంది, ఎవరు చనిపోయారు. ఏ మందూ కనిపెట్టని, ఏ యంత్రమూ తయారుచేయని పని. కొత్తగా వచ్చే క్యాన్సర్ చాలావరకు అంతకుముందే ఉన్న మచ్చల మీదే లేస్తోందని ఈ ఓపిక వల్ల తెలిసింది. అంటే మచ్చ దశలో పట్టుకుంటే మనిషిని కాపాడుకోవచ్చు. అడ్డపొగ తాగేవారిలో మరణాల సంగతిని 1984లో ‘బ్రిటిష్ మెడికల్ జర్నల్’లో ప్రచురించారు. పొగాకు ముట్టనివాళ్ల కన్నా వాళ్లలో చావులు ఎక్కువ.

ఇక మిగిలింది అసలు ప్రశ్న. తెలిసింది సరే, మానిపించగలమా?

చుట్టలో ఉన్న వ్యసనమూ మొండిదే. సిగరెట్టు పొగను ఊపిరితిత్తుల్లోకి లాగితేనే నికోటిన్ బాగా ఎక్కుతుంది. చుట్ట పొగకు క్షారగుణం ఎక్కువ కాబట్టి, లోపలికి పీల్చకపోయినా నికోటిన్ నోటిపొర గుండానే నెత్తురులో కలిసిపోతుంది. పొగ నోట్లోనే తిరిగే అడ్డపొగకు అంతకన్నా ఏం కావాలి? పైగా ఇది పొద్దున లేచింది మొదలు పనితో పెనవేసుకున్న అలవాటు. ‘మా అమ్మ తాగింది, ఎనభయ్యేళ్లు బతికింది’ అనే అత్తమ్మకు డాక్టరు ఏం జవాబు చెబుతాడు?

1977లో మెహతా, గుప్తా, పిండ్‌బోర్గ్‌ల బృందం అదే 3 జిల్లాల్లో పొగాకు వాడే 36 వేల మందికి పైగా కొత్త మనుషుల్ని తీసుకుంది. ఈసారి చూసి రాసుకుని రావడం కాదు, చెప్పడం. ఎదురుగా కూర్చుని ఒక్కొక్కరితో మాట్లాడారు. సినిమాలు వేశారు, రేడియోలో చెప్పించారు, పత్రికల్లో రాయించారు, పోస్టర్లు అంటించారు. ప్రతి ఏటా తిరిగి వచ్చి నోరు చూసి, ‘ఎంత తగ్గించావమ్మా’ అని అడిగారు. పోల్చి చూసుకోవడానికి, అంతకుముందు పదేళ్లు ఏ సలహా పథకం లేకుండా వెంబడించిన జనం లెక్క చేతిలో ఉండనే ఉంది. అందుకని కొందరికి చెప్పి, పక్క ఊరివాళ్లను కావాలని చీకట్లో ఉంచాల్సిన అవసరం రాలేదు. ఈ ఒక్క ఏర్పాటు వెనక ఎంత ఆలోచన ఉందో!

అయిదేళ్ల ఫలితాలు 1986లో ‘లాన్సెట్’లో వచ్చాయి. ఎర్నాకుళం, శ్రీకాకుళం జిల్లాల్లో మనుషులు నిజంగానే పొగాకు మానడమో తగ్గించడమో చేశారు. కొత్తగా తెల్లమచ్చలు రావడం పడిపోయింది. మానినవాళ్ల సంఖ్య బ్రహ్మాండమేమీ కాదు. ఎక్కువమంది తాగుతూనే ఉన్నారు. అయినా చదువూ సంధ్యా లేని పల్లెజనానికి చెప్పి లాభం లేదన్న పెద్దల మాట ఆ రోజుతో చెల్లకుండా పోయింది. మందు లేదు, కోత లేదు. మాటతో మచ్చలు తగ్గాయి.

మళ్లీ కథ విశాఖకే వచ్చింది. ఊళ్లో లయన్స్ వాళ్ల సేవాసంస్థగా నడిచే క్యాన్సర్ చికిత్స, పరిశోధన కేంద్రం వైద్యులు 1980ల చివర్లో ఈ తీగను అందుకున్నారు. 1989లో ఒక ఊరి అడ్డపొగవాళ్ల అంగిలి మార్పుల మీద, 1992లో చదువు లేకపోవడం, ప్రమాదం తెలియకపోవడం, మానాలన్న ఇష్టం ఈ మూడింటి సంబంధం మీద వాళ్ల వ్యాసాలు ఒక జపాను పత్రికలో వచ్చాయి. ముందుతరం డాక్టర్లు రోగి నోటిని చూశారు, వీళ్లు ఆమె మనసులో ఏముందో అడిగారు. 1993లో హాలెండులోని లైడెన్ పరిశోధకులతో కలిసి ఈ ప్రాంతపు పల్లెల్లోనే మరో సర్వే చేసి, మామూలుగా చుట్ట తాగేవాళ్లనూ తిరగేసి తాగేవాళ్లనూ పక్కపక్కన పెట్టి చూశారు. టాటా విభాగంలో కుర్రవాడిగా లెక్కలు వేసిన ప్రకాశ్ గుప్తా తర్వాత నవీ ముంబయిలో లాభాపేక్ష లేని హీలిస్ సెఖ్సరియా ప్రజారోగ్య సంస్థను నడిపి, పొగాకు మీదే జీవితమంతా పెట్టాడు.

అడ్డపొగ మన ఒక్కరిదే అనుకుంటాం గాని, కరీబియన్ దీవుల్లో, కొలంబియాలో, పనామాలో, సార్డీనియాలో, ఫిలిప్పీన్స్‌లో కూడా ఉంది. అక్కడా చాలాచోట్ల ఆడవాళ్లదే ఎక్కువ పాలు. ఆ దేశాల డాక్టర్లు రాసుకునే వ్యాసాల్లో విశాఖ, శ్రీకాకుళం పేర్లు తప్పకుండా వస్తాయి.

ఇప్పుడు స్టీలుప్లాంటుకు దగ్గర్లోనే, అగనంపూడిలో, టాటా మెమోరియల్ వారి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. కొత్తతరం ఆడపిల్లలు చుట్ట జోలికి పెద్దగా పోవడం లేదు. పోర్టులో, ప్లాంటులో, ఫార్మాలో పనిచేసే మగపిల్లలకు ఖైనీ, గుట్కా, సిగరెట్టు దొరుకుతున్నాయి, అది వేరే గొడవ. సిగరెట్టు పెట్టె మీద ప్రభుత్వం 2009 నుంచి బొమ్మతో హెచ్చరిక వేయిస్తోంది. సంతలో కట్టగా కట్టి విడిగా అమ్మే చుట్టకు పెట్టె ఏదీ? ఆకు కొనుక్కుని ఇంట్లోనే చుట్టుకునే ముసలమ్మ దగ్గరకు ఆ బొమ్మ చేరదు. ఆమె దాకా వెళ్లేది ఇంటికొచ్చి కూర్చుని మాట్లాడే ఆశా కార్యకర్తో, శిబిరానికి వచ్చిన దంతవైద్య విద్యార్థో. 1977లో శ్రీకాకుళం ఊళ్లలో చేసినట్టే ఎదురుగా కూర్చుని మాట్లాడాలి. నోరు తెరిపించి, అద్దంలో ఆ అంగిలిని ఆమెకే చూపించి, వచ్చే నెల మళ్లీ వస్తానని చెప్పి వెళ్లాలి. వెళ్లిన మనిషి వచ్చే నెల నిజంగా రావాలి.